సుప్రీంకోర్టు న్యాయమూర్తి జీవితచరిత్ర రాయదలచిన వారికి

నవంబర్ 26న రాజ్యాంగ దినోత్సవం వస్తుందంటే హన్మకొండ సుబేదారిలోని న్యాయ కళాశాల విద్యార్థులు మొదలుకొని ములుగు, పరకాల, జనగామ ప్రాంతాల ఉపాధ్యాయుల వరకు ఎందరో ఒక న్యాయమూర్తి జీవితంపై వ్యాసమో ఉపన్యాసమో సిద్ధం చేసుకుంటారు. వాటిలో చాలా భాగం సన్మాన పత్రాన్ని పోలి ఉంటాయి. సామాన్య కుటుంబంలో జన్మించారని, కష్టపడి చదివారని, నిజాయితీకి మారుపేరుగా నిలిచారని రాసి ముగిస్తారు. ఈ మాటలు ఏ న్యాయమూర్తికైనా అతుకుతాయి కనుక ఏ ఒక్కరి గురించీ ఏమీ చెప్పవు.

న్యాయమూర్తి బహిరంగ సభల్లో మాట్లాడడు, తన తీర్పును సమర్థించుకుంటూ పత్రికలకు ప్రకటనలు ఇవ్వడు, ఉద్యోగ కాలంలో జనానికి దూరంగానే బతుకుతాడు. ఆయన మనకు వదిలి వెళ్లేవి ప్రధానంగా రెండు: తేదీలు, తాను రాసి సంతకం చేసిన తీర్పులు. ఈ రెండింటినీ ఓపికగా చదవడం నేర్చుకున్నవారు ఢిల్లీ ప్రయాణం పెట్టుకోకుండా, వరంగల్‌లోనే కూర్చుని నమ్మదగిన జీవితచరిత్ర రాయగలరని నేను గట్టిగా నమ్ముతాను. ఆ పని ఏ వరుసలో చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ఎవరిని ఎంచుకోవాలి

మొదటిసారి రాసేవారు సాధారణంగా ప్రధాన న్యాయమూర్తుల పేర్ల వైపే చూస్తారు. నా సలహా వేరు. మీ నేలతో ఏదో ఒక సంబంధం ఉన్న న్యాయమూర్తిని ఎంచుకోండి. ఆయన ఇక్కడ పుట్టి ఉండవలసిన అవసరం లేదు. ఉత్తర తెలంగాణ రైతు జీవితాన్ని ప్రభావితం చేసిన న్యాయమూర్తులను వెతికితే మొదట కనిపించే పేరు జస్టిస్ ఆర్.ఎస్. బచావత్. కలకత్తా హైకోర్టు నుంచి 1964లో సుప్రీంకోర్టుకు వెళ్లి 1969లో పదవీ విరమణ చేసిన ఆయన, కృష్ణా, గోదావరి జల వివాదాల ట్రిబ్యునళ్లు రెండింటికీ అధ్యక్షత వహించారు. గోదావరి ట్రిబ్యునల్ తుది తీర్పు 1980లో వచ్చింది. పోచంపాడు కాలువ నీళ్ల గురించి మాట్లాడుకునే కరీంనగర్, వరంగల్ పల్లెల్లో ఆయన పేరు తెలిసినవారు ఉన్నారు, కానీ ఆయన జీవితం తెలిసినవారు అరుదు.

తెలంగాణ ఉద్యమ కాలంలో ఇంటింటా వినిపించిన శ్రీకృష్ణ కమిటీ పేరు జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణది. బొంబాయి హైకోర్టులో, ఆ తరువాత కేరళ ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి, 2002 నుంచి 2006 వరకు సుప్రీంకోర్టులో ఉన్న ఆయన 2010 డిసెంబర్ 30న తెలంగాణ అంశంపై కేంద్రానికి నివేదిక సమర్పించారు. ఇటీవలి ఉదాహరణ జస్టిస్ పినాకి చంద్ర ఘోష్. 2023 అక్టోబర్‌లో జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగిన తరువాత, కాళేశ్వరం బ్యారేజీలపై రాష్ట్ర ప్రభుత్వం 2024 మార్చిలో నియమించిన విచారణ సంఘం ఆయనదే. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లే ముందు 2012 డిసెంబర్ నుంచి 2013 మార్చి వరకు హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేశారు, 2019లో దేశపు తొలి లోక్‌పాల్ (అవినీతి ఫిర్యాదులను విచారించే సంస్థ అధిపతి) అయ్యారు. అంటే ఒకే న్యాయమూర్తి జీవితం సుమారు పదకొండేళ్ల వ్యవధిలో రెండుసార్లు మన ప్రాంతాన్ని తాకింది.

తెలుగువారిలోనే ఎంచుకోవాలనుకుంటే రాజమహేంద్రవరానికి చెందిన జస్టిస్ కోకా సుబ్బారావు, హైదరాబాద్‌లో పుట్టిన జస్టిస్ పి. జగన్మోహన్ రెడ్డి, కృష్ణా జిల్లా నుంచి వెళ్లిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్, జస్టిస్ ఎన్.వి. రమణ ఉన్నారు. జస్టిస్ రమణ ప్రధాన న్యాయమూర్తి హోదాలో 2021 డిసెంబర్‌లో ములుగు జిల్లాలోని రామప్ప ఆలయాన్ని దర్శించి, హన్మకొండలో కొత్త కోర్టుల సముదాయాన్ని ప్రారంభించారు. ఇలాంటి పర్యటనలకు సంబంధించిన వివరాలు దినపత్రికల జిల్లా అనుబంధాలలో మాత్రమే దొరుకుతాయి. ప్రధాన సంచికలో రెండు పేరాలకు మించి ఉండవు కాబట్టి జిల్లా పేజీల కత్తిరింపులను ఎవరైనా దాచిపెట్టి ఉంటే వారిని తప్పక కలవండి.

తేదీల పట్టిక

పేరు నిర్ణయించుకున్నాక ఒక కాగితంపై ఎనిమిది తేదీలు రాసుకోండి: పుట్టిన రోజు, న్యాయవాదిగా నమోదైన రోజు, హైకోర్టు అదనపు న్యాయమూర్తిగా నియామకం, శాశ్వత న్యాయమూర్తిగా నియామకం, మరో హైకోర్టుకు బదిలీ, హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా నియామకం, సుప్రీంకోర్టులో ప్రమాణ స్వీకారం, పదవీ విరమణ. కొందరి విషయంలో ఒకటి రెండు గడులు ఖాళీగా ఉంటాయి. ఆ ఖాళీ కూడా సమాచారమే. ఈ తేదీలన్నీ సుప్రీంకోర్టు అధికారిక వెబ్‌సైట్‌లోని ప్రస్తుత, మాజీ న్యాయమూర్తుల పరిచయాలలో, సంబంధిత హైకోర్టుల వెబ్‌సైట్లలో దొరుకుతాయి. ఇంటర్నెట్‌లో ఇతర చోట్ల కనిపించే తేదీని కనీసం ఒక అధికారిక మూలంతో సరిచూడకుండా వ్యాసంలోకి తీసుకోవద్దు.

ఈ పట్టికను సరిచూసుకోవడానికి రాజ్యాంగమే కొలబద్దను ఇస్తుంది. 124వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు న్యాయమూర్తి 65 ఏళ్లు నిండే వరకు, 217వ అధికరణం ప్రకారం హైకోర్టు న్యాయమూర్తి 62 ఏళ్లు నిండే వరకు పదవిలో ఉంటారు. హైకోర్టు వయోపరిమితి మొదట 60 ఏళ్లే. 1963లో 15వ రాజ్యాంగ సవరణ దానిని 62కు పెంచింది. వయసు నిండేది పుట్టిన రోజుకు ముందు రోజుతో కనుక విరమణ తేదీ పుట్టిన తేదీకి ఒక రోజు ముందుంటుంది. జస్టిస్ రమణ 1957 ఆగస్టు 27న పుట్టారు, 2022 ఆగస్టు 26న పదవీ విరమణ చేశారు. మీ పట్టికలో ఈ లెక్క కుదరకపోతే ఏదో ఒక తేదీ తప్పై ఉండాలి, లేదా ఆయన రాజీనామా చేసి ఉండాలి, లేదా పదవిలో ఉండగానే మరణించి ఉండాలి. మొదటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ హెచ్.జె. కనియా 1951 నవంబర్‌లో పదవిలో ఉండగానే కన్నుమూశారు. కోకా సుబ్బారావు 1902 జూలై 15న జన్మించినందున 1967 జూలై 14 వరకు కొనసాగవలసింది, కానీ రాష్ట్రపతి ఎన్నికలో పోటీ చేయడానికి ఏప్రిల్ 11ననే పదవిని వదిలారు. ఆ ఎన్నికలో డాక్టర్ జాకిర్ హుస్సేన్ గెలిచారు. రెండు తేదీల మధ్య మిగిలిన ఆ మూడు నెలలే ఆయన జీవితంలో పెద్ద మలుపు.

విరమణ తేదీకి, చివరిసారి ధర్మాసనంపై కూర్చున్న తేదీకి తేడా ఉండవచ్చునన్నది కూడా గుర్తుంచుకోండి. జస్టిస్ చలమేశ్వర్ 2018 జూన్ 22న విరమణ చేశారు గానీ అది వేసవి సెలవుల కాలం. అందువల్ల ఆయన చివరి పనిదినం మే 18. సంప్రదాయం ప్రకారం ఆ రోజు ఆయన ప్రధాన న్యాయమూర్తి పక్కన కూర్చున్నారు. ఆ చివరి రోజు వివరాలు వెతికేవారు జూన్ పత్రికలు కాక మే నెల పత్రికలు తిరగేయాలి.

మన ప్రాంతానికి సంబంధించి మరో జాగ్రత్త అవసరం. హైదరాబాద్ హైకోర్టు పేరు కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది. మూసీ ఒడ్డున ఉన్న ఆ భవనం 1920లో ప్రారంభమైంది. నిజాం కాలంలో అక్కడ వ్యవహారమంతా ఉర్దూలో నడిచేది. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ఏర్పడినప్పుడు దాని తొలి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. 1956 నవంబర్‌లో రెండూ కలిసి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అయింది. 2014 జూన్ 2 తరువాత అది రెండు రాష్ట్రాల ఉమ్మడి హైకోర్టుగా, 2019 జనవరి 1 నుంచి తెలంగాణ హైకోర్టుగా మారింది. కాబట్టి 1952లో హైదరాబాద్ హైకోర్టు న్యాయమూర్తి అయిన జగన్మోహన్ రెడ్డి గురించి రాస్తూ ‘తెలంగాణ హైకోర్టు’ అని వాడితే చరిత్ర తప్పుతుంది. ఏ సంవత్సరం గురించి రాస్తున్నారో ఆ సంవత్సరంలో కోర్టుకు ఉన్న పేరే వాడండి. 1948కి ముందు నాటి కాగితాలు దొరికితే ఉర్దూ చదవగల పెద్దల సహాయం తీసుకోండి. వరంగల్ పాత బార్ కుటుంబాలలో అలాంటివారు ఇంకా ఉన్నారు.

సీనియారిటీ లెక్క

న్యాయమూర్తి ఉద్యోగ జీవితాన్ని అర్థం చేసుకోవడానికి ఇంతకు మించిన తాళంచెవి లేదు. ప్రతిభ, శ్రమ, పాండిత్యం అన్నీ ఉన్నా, ప్రధాన న్యాయమూర్తి పీఠం ఎవరికి దక్కుతుందో నిర్ణయించేది సాధారణంగా ప్రమాణ స్వీకార క్రమం, పుట్టిన తేదీ. సుప్రీంకోర్టులో అందరికంటే ముందు ప్రమాణం చేసి ఇంకా పదవిలో ఉన్నవారే తదుపరి ప్రధాన న్యాయమూర్తి కావడం ఆనవాయితీ. ఒకే రోజు పలువురు ప్రమాణం చేస్తే ఆ రోజు ఎవరి తరువాత ఎవరు చేశారన్నదే సీనియారిటీ.

ఇది ఎంత సూక్ష్మమైన విషయమో జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ దీపక్ మిశ్రా జీవితాలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది. ఇద్దరూ 2011 అక్టోబర్ 10న ఒకే రోజు ప్రమాణం చేశారు. వరుసలో మిశ్రా ముందున్నారు. చలమేశ్వర్ 1953 జూన్‌లో, మిశ్రా అదే ఏడాది అక్టోబర్‌లో పుట్టారు. 2017 ఆగస్టు 27న అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఖేహర్ విరమణ చేసినప్పుడు మిశ్రా ప్రధాన న్యాయమూర్తి అయ్యి 2018 అక్టోబర్ 2 వరకు కొనసాగారు. చలమేశ్వర్ అంతకు మూడు నెలల ముందే విరమణ చేశారు. వరుస తారుమారై ఉంటే సుమారు పది నెలల పాటు ఆయన ప్రధాన న్యాయమూర్తిగా ఉండేవారు. 2018 జనవరి 12న చలమేశ్వర్ సహా నలుగురు సీనియర్ న్యాయమూర్తులు పత్రికల ముందుకు వచ్చిన అసాధారణ ఘటనను వివరించేటప్పుడు ఈ నేపథ్యాన్ని పాఠకుడికి చెప్పాలి. అయితే ఆ ఘటనకు ఇదే కారణమని మీరు తేల్చిచెప్పకూడదు. కేసులను ధర్మాసనాలకు అప్పగించే పద్ధతిపై వారు లేఖలో రాసిన అభ్యంతరాలు బహిరంగంగా ఉన్నాయి, వాటినే చెప్పండి.

హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు చేరే దశలోనూ వయసే తలుపు మూస్తుంది. మెదక్ జిల్లా నుంచి వచ్చిన జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డి 1957 జనవరి 5న జన్మించారు. హైకోర్టులో 62 ఏళ్లు నిండేది 2019 జనవరి 4న. గుజరాత్ ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న ఆయన సుప్రీంకోర్టులో ప్రమాణం చేసింది 2018 నవంబర్ 2న. ఇంకో రెండు నెలలు ఆలస్యమై ఉంటే ఆయన హైకోర్టు న్యాయమూర్తిగానే ఇంటికి వెళ్లేవారు, తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక ఇక్కడి నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన తొలి న్యాయమూర్తి మరొకరై ఉండేవారు. ఇలాంటి లెక్కను వ్యాసంలో ఒక్క వాక్యంలో చెప్పినా చాలు, పాఠకుడికి ఆ జీవితంలోని ఉత్కంఠ అర్థమవుతుంది.

సీనియారిటీ ఆనవాయితీ తప్పిన సందర్భాల్లో ప్రసిద్ధమైనవి రెండు ఉన్నాయి, ఆ కాలపు న్యాయమూర్తి ఎవరి గురించి రాసినా వాటిని వదలరాదు. కేశవానంద భారతి కేసులో 13 మంది న్యాయమూర్తుల ధర్మాసనం 1973 ఏప్రిల్ 24న తీర్పు చెప్పింది. మరుసటి రోజు ప్రధాన న్యాయమూర్తి సిక్రీ విరమణ చేశారు. సీనియర్లయిన శలత్, హెగ్డే, గ్రోవర్‌లను కాదని నాలుగో స్థానంలో ఉన్న ఎ.ఎన్. రేను ప్రభుత్వం ప్రధాన న్యాయమూర్తిని చేసింది. ఆ ముగ్గురూ రాజీనామా చేశారు. వారు ముగ్గురూ రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మార్చే అధికారం పార్లమెంటుకు లేదన్న మెజారిటీలో ఉన్నవారే. 1977లో, ఎమర్జెన్సీ కాలపు హెబియస్ కార్పస్ (నిర్బంధంలో ఉన్నవారు కోర్టుకు వెళ్లే హక్కు) కేసులో ఏకైక భిన్న తీర్పు రాసిన జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నాను కాదని ఎం.హెచ్. బేగ్‌ను నియమించగా ఖన్నా కూడా రాజీనామా చేశారు.

భవిష్యత్తు గురించి కూడా ఈ లెక్కతో రాయవచ్చు, అయితే షరతుతో. 2021 ఆగస్టు 31న జస్టిస్ రమణ చేతుల మీదుగా ఒకే రోజు తొమ్మిది మంది ప్రమాణం చేశారు, వారిలో ముగ్గురు మహిళలు. ఆ వరుస ప్రకారం చూస్తే జస్టిస్ బి.వి. నాగరత్న 2027 సెప్టెంబర్‌లో దేశపు తొలి మహిళా ప్రధాన న్యాయమూర్తి కావలసి ఉంది, ఆమె తరువాత హైదరాబాద్‌లో పుట్టిన జస్టిస్ పి.ఎస్. నరసింహ రావలసి ఉంది. ‘కావలసి ఉంది’ అన్న మాటను ‘అవుతారు’ అని మార్చకండి.

ఏ తోవలో వచ్చారు

సుప్రీంకోర్టుకు చేరే తోవలు ఆచరణలో మూడు. న్యాయవాదిగా పేరు తెచ్చుకుని హైకోర్టు న్యాయమూర్తియై, ఆ తరువాత సుప్రీంకోర్టుకు వెళ్లడం అందరికీ తెలిసిన తోవ. జిల్లా న్యాయవ్యవస్థలో చేరి మెట్టుమెట్టుగా ఎక్కడం రెండోది. 1995లో అహ్మదాబాద్ సిటీ సివిల్ కోర్టులో న్యాయమూర్తిగా చేరిన బేలా త్రివేది 2021లో సుప్రీంకోర్టుకు చేరడం దీనికి ఉదాహరణ. న్యాయవాది స్థానం నుంచి నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లడం మూడోది. పైన చెప్పిన సిక్రీ ఇలా వచ్చినవారిలో మొదటివారు. తెలుగువారిలో ఎల్. నాగేశ్వరరావు 2016లో, పి.ఎస్. నరసింహ 2021లో ఇలాగే వెళ్లారు. ప్రసిద్ధ న్యాయశాస్త్రవేత్తను నియమించవచ్చునన్న నాలుగో అవకాశం రాజ్యాంగంలో ఉన్నా దానిని ఇంతవరకు ఎవరికీ వాడలేదు.

నియామకం జరిగిన ఏడాదిని బట్టి ఎవరు ఎంపిక చేశారన్నది మారుతుంది. 1993కు ముందు చివరి మాట ప్రభుత్వానిది. ఆ ఏడాది, తిరిగి 1998లో వచ్చిన తీర్పులతో ప్రధాన న్యాయమూర్తి, నలుగురు సీనియర్ న్యాయమూర్తులు కలిసిన కొలీజియం పద్ధతి స్థిరపడింది. దానిని మార్చడానికి తెచ్చిన జాతీయ న్యాయ నియామకాల కమిషన్‌ను 2015 అక్టోబర్ 16న 4:1 మెజారిటీతో కోర్టు కొట్టివేసింది. ఆ ఒక్కరు చలమేశ్వర్. 2017 అక్టోబర్ నుంచి కొలీజియం తీర్మానాలను వెబ్‌సైట్‌లో పెడుతున్నారు కనుక ఆ తరువాత నియమితులైనవారి గురించి రాసేవారు ఆ తీర్మానాన్ని తప్పక చదవాలి. ఏ హైకోర్టుకు ప్రాతినిధ్యం తక్కువగా ఉంది, అఖిల భారత సీనియారిటీలో ఆయన స్థానం ఎంత వంటి సంగతులు అందులో ఉంటాయి.

తీర్పులను చదవడం

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. సుప్రీంకోర్టు అధికారిక తీర్పుల సంపుటాలు 2023 జనవరి నుంచి ఈ-ఎస్‌సీఆర్ పేరుతో ఉచితంగా అందుబాటులో ఉన్నాయి, కొన్ని తీర్పులకు తెలుగు అనువాదాలూ ఉన్నాయి. అక్కడ న్యాయమూర్తి పేరుతో వెతికితే వందల తీర్పులు కనిపిస్తాయి. వాటన్నింటినీ ఆయన ఖాతాలో వేయడం కొత్తవారు చేసే అతి సాధారణమైన పొరపాటు. ఇద్దరో ముగ్గురో కూర్చున్న ధర్మాసనంలో తీర్పు రాసేది ఒకరు, మిగిలినవారు ఏకీభవిస్తూ సంతకం చేస్తారు. తీర్పు పాఠం మొదట్లో ఎవరి పేరు ఉందో చూసి, రాసిన తీర్పులు, ఏకీభవించిన తీర్పులు, విడిగా రాసిన ఏకీభావ తీర్పులు, భిన్న తీర్పులు అని నాలుగు కట్టలు కట్టుకోండి. ‘ఫలానా కేసులో చారిత్రక తీర్పు ఇచ్చారు’ అని రాసే ముందు అది ఏ కట్టలోదో నిర్ధారించుకోవాలి.

కేశవానంద కేసులో జగన్మోహన్ రెడ్డి పాత్రను ఈ పద్ధతిలో చూద్దాం. పదమూడుగురు కలిసి పదకొండు వేర్వేరు తీర్పులు రాశారు. మౌలిక స్వరూప సిద్ధాంతాన్ని నిలబెట్టిన ఏడుగురిలో జగన్మోహన్ రెడ్డి ఒకరు, ఆయన విడిగా తీర్పు రాశారు. ఏడుకు ఆరు అన్న ఆ అంకెలో ఏ ఒక్కరు అటు వెళ్లినా ఫలితం మారేది. ‘ధర్మాసనంలో సభ్యుడు’ అని రాసి వదిలేస్తే ఆయనకు అన్యాయం జరుగుతుంది, ‘మౌలిక స్వరూప సిద్ధాంతాన్ని రూపొందించారు’ అని రాస్తే మిగిలిన ఆరుగురికి అన్యాయం జరుగుతుంది. ఆయన రాసిన పేజీలు చదివి, మౌలిక స్వరూపంలో ఏమేమి ఉన్నాయని ఆయన భావించారో చెప్పడం ఒక్కటే సరైన మార్గం.

జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి విషయంలో పని తేలిక. మండల్ రిజర్వేషన్లపై 1992 నవంబర్ 16న వెలువడిన తొమ్మిది మంది ధర్మాసనం తీర్పులో, తనతో పాటు మరో ముగ్గురి తరఫున ప్రధాన తీర్పు రాసింది ఆయనే. రాష్ట్రపతి పాలనకు హద్దులు గీసిన 1994 నాటి బొమ్మై కేసులోనూ ఆయన రాసిన భాగం చాలా ముఖ్యమైనది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో మొదలై, అలహాబాద్ ప్రధాన న్యాయమూర్తి పదవి మీదుగా సుప్రీంకోర్టుకు చేరిన ఆయన రాతలో వాదనలను విభజించి ఒక్కొక్క ప్రశ్నకు విడిగా జవాబు చెప్పే పద్ధతి ఉంటుంది. న్యాయ విద్యార్థులు అనుకరించదగిన శైలి అది.

భిన్న తీర్పుల కట్టపై ఎక్కువ సమయం వెచ్చించండి. మెజారిటీ తీర్పులో నలుగురి మాట కలుస్తుంది, భిన్న తీర్పులో న్యాయమూర్తి ఒంటరిగా దొరుకుతాడు. కోకా సుబ్బారావు పేరు చెప్పగానే అందరూ ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకు లేదన్న 1967 ఫిబ్రవరి 27 నాటి గోలక్‌నాథ్ తీర్పునే తలుస్తారు. అది ఆరుగురికి అయిదుగురి తేడాతో వచ్చిన తీర్పు. ఆశ్చర్యం ఏమిటంటే మన గోదావరి ట్రిబ్యునల్ బచావత్ ఆ అయిదుగురిలో ఉన్నారు. కానీ గోలక్‌నాథ్ ఆరేళ్లకే కేశవానంద తీర్పుతో చెల్లకుండా పోయింది. నిలిచింది మరొకటి. 1962 డిసెంబర్‌లో ఖరక్ సింగ్ కేసులో, ఒక వ్యక్తిపై పోలీసుల నిఘా గురించి, సుబ్బారావు జస్టిస్ షాతో కలిసి భిన్న తీర్పు రాశారు. ఏకాంతత వ్యక్తి స్వేచ్ఛలో అంతర్భాగమన్నది దాని సారాంశం. దాదాపు 55 ఏళ్ల తరువాత, 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఏకాంతతను ప్రాథమిక హక్కుగా ప్రకటించి ఆ దృష్టినే స్వీకరించారు. ఆ తొమ్మిది మందిలో చలమేశ్వర్ ఉన్నారు. సుబ్బారావు జీవితచరిత్రలో గోలక్‌నాథ్‌కు ఎన్ని పేజీలు ఇస్తారో ఖరక్ సింగ్‌కు అంతకు తగ్గకుండా ఇవ్వాలని నా అభిప్రాయం.

తీర్పును అంచనా వేసేటప్పుడు కోర్టు పరిమాణాన్ని కూడా దృష్టిలో పెట్టుకోవాలి. 1950 జనవరి 28న కోర్టు ప్రారంభమైనప్పుడు న్యాయమూర్తుల మంజూరు సంఖ్య ప్రధాన న్యాయమూర్తితో కలిపి ఎనిమిది, 2019 నాటికి అది 34కు చేరింది. తొలి దశాబ్దాల న్యాయమూర్తి తరచూ పెద్ద ధర్మాసనాల్లో కూర్చున్నాడు. నేటి న్యాయమూర్తి ఎక్కువ కాలం ఇద్దరి ధర్మాసనాల్లో, రోజుకు పదుల సంఖ్యలో వచ్చే కొత్త పిటిషన్ల మధ్య గడుపుతాడు. రాజ్యాంగ ధర్మాసనానికి కనీసం అయిదుగురు ఉండాలన్న నియమం 145వ అధికరణంలో ఉంది. అలాంటి ధర్మాసనాలలో ఎన్నిసార్లు కూర్చున్నారో లెక్కిస్తే ఆ జీవితపు బరువు కొంత తెలుస్తుంది. 2022 సెప్టెంబర్ నుంచి రాజ్యాంగ ధర్మాసన విచారణలు ప్రత్యక్ష ప్రసారం అవుతున్నాయి కనుక న్యాయమూర్తి ప్రశ్నలు వేసే తీరును కూడా చూడవచ్చు. అయితే విచారణలో వేసిన ప్రశ్న తీర్పు కాదు, దానిని ఆయన అభిప్రాయంగా ఉటంకించరాదు.

విరమణ తరువాత

సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా పనిచేసినవారు దేశంలోని ఏ కోర్టులోనూ వాదించడానికి వీల్లేదని 124వ అధికరణం చెబుతుంది. అందువల్ల విరమణ తరువాతి జీవితం మధ్యవర్తిత్వం, కమిషన్లు, ట్రిబ్యునళ్లు, బోధన వైపు సాగుతుంది. జీవన్ రెడ్డి లా కమిషన్‌కు అధ్యక్షులయ్యారు. మొదటి మహిళా న్యాయమూర్తి ఫాతిమా బీవీ 1997లో తమిళనాడు గవర్నర్ అయ్యారు. 2023లో జస్టిస్ అబ్దుల్ నజీర్ ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా వచ్చారు. ప్రభుత్వం ఇచ్చిన పదవులను స్వీకరించడం తగునా అన్న చర్చ దేశంలో చాలాకాలంగా ఉంది. మీ వ్యాసంలో తేదీలను పక్కపక్కన పెట్టండి: ఎప్పుడు విరమణ, ఎప్పుడు పదవి. నిర్ణయం పాఠకుడికి వదలండి. నా వరకైతే రెండింటి మధ్య కనీసం కొంత వ్యవధి ఉండాలని కోరుకుంటాను.

రాసేటప్పుడు

పుట్టుకతో మొదలుపెట్టవలసిన నియమమేమీ లేదు. ఒక తీర్పు వెలువడిన రోజుతో మొదలుపెట్టి, ఆ తీర్పును రాయగలిగిన మనిషి ఎలా తయారయ్యాడో వెనక్కి వెళ్లి చెప్పడం చాలా జీవితాలకు బాగా నప్పుతుంది. న్యాయ పరిభాషను వీలైనంత వరకు మన కోర్టుల్లో వాడే మాటలతోనే నడపండి. రిట్, అప్పీలు, ధర్మాసనం, పేషీ, వకాల్తా వంటివి హన్మకొండ కోర్టుకు ఒక్కసారి వెళ్లినవారికైనా తెలుసు.

కులం, మతం, కుటుంబ నేపథ్యం గురించి రాయాలా వద్దా అన్న సందేహం చాలామందికి వస్తుంది. ప్రాతినిధ్య చరిత్రలో భాగమైనప్పుడు తప్పక రాయాలి. 1980లో సుప్రీంకోర్టుకు చేరిన తొలి దళిత న్యాయమూర్తి ఎ. వరదరాజన్ గురించి, 2007లో ప్రధాన న్యాయమూర్తి అయిన కె.జి. బాలకృష్ణన్ గురించి, 2025 మే నెలలో ఆ పదవి చేపట్టిన బి.ఆర్. గవాయ్ గురించి రాస్తూ ఆ సంగతి దాచడం చరిత్రను తగ్గించడమే. దానికి అధికారిక లేదా ఆయన స్వయంగా చెప్పిన ఆధారం ఉండాలి, ఇంటిపేరును బట్టి ఊహించరాదు. తండ్రీకొడుకుల విషయం కూడా ఇలాంటిదే. వై.వి. చంద్రచూడ్, డి.వై. చంద్రచూడ్ ఇద్దరూ ప్రధాన న్యాయమూర్తులయ్యారని చెప్పి ఊరుకోకుండా, ఎమర్జెన్సీ నాటి హెబియస్ కార్పస్ కేసులో తండ్రి ఏకీభవించిన మెజారిటీ తీర్పును పుట్టస్వామి కేసులో కొడుకు తప్పని రాసిన సంగతి కూడా చేర్చాలి.

ప్రస్తుతం పదవిలో ఉన్న న్యాయమూర్తి గురించి రాసేవారు కోర్టు ధిక్కార చట్టం అంటే భయపడతారు. 1971 నాటి ఆ చట్టం 5వ సెక్షన్, తుది తీర్పు వెలువడిన కేసు యోగ్యతాయోగ్యతలపై నిష్పాక్షికమైన వ్యాఖ్య ధిక్కారం కాదని స్పష్టంగా చెబుతుంది. తీర్పు తప్పని మీకు అనిపిస్తే పేరా సంఖ్యతో సహా ఎందుకు తప్పో రాయండి. న్యాయమూర్తి ఉద్దేశాలను ఆపాదించడం, విచారణలో ఉన్న కేసుపై తీర్పు చెప్పడం, ఆధారం లేని పుకారును ప్రస్తావించడం మాత్రం పూర్తిగా మానండి. ఆస్తుల గురించి రాయదలిస్తే 2025 మే నెలలో సుప్రీంకోర్టు స్వయంగా వెబ్‌సైట్‌లో ఉంచిన ప్రకటనలనే వాడండి.

ముసాయిదా పూర్తయ్యాక దానిని కనీసం ఇద్దరితో చదివించండి: రాజ్యాంగ కేసులు తెలిసిన ఒక న్యాయవాది, న్యాయశాస్త్రంతో పరిచయం లేని ఒక సాధారణ పాఠకుడు. మొదటివారు తేదీలు, మెజారిటీ అంకెలు, తీర్పు ఎవరు రాశారన్నది సరిచూస్తారు. రెండోవారు ఎక్కడ ఆగిపోయారో అక్కడ మీ వాక్యం సరిగా లేదని గ్రహించి తిరగరాయండి. పదవిలో ఉన్నవారి విషయంలో వ్యాసం చివర ‘ఈ వివరాలు ఫలానా తేదీ నాటివి’ అని వేయండి, ఎందుకంటే ఒక్క విరమణతో సీనియారిటీ వరుస, కొలీజియం సభ్యత్వం, తదుపరి ప్రధాన న్యాయమూర్తి లెక్క అన్నీ మారతాయి.